దిగమన్నదెవరు? - మ్యాన్‌హోల్ పనిలో భద్రత, చట్టం, కులం

2021 ఆగస్టు 3 రాత్రి. ఎల్.బి.నగర్ దాటితే వనస్థలిపురం. దాని పక్కన సాహెబ్‌నగర్. అక్కడ ఒక కాలనీలో డ్రైనేజీ లైను పూడుకుపోయింది. పూడిక తీయడానికి కాంట్రాక్టు కూలీలు నలుగురు వచ్చారు. ఒకతను మ్యాన్‌హోల్‌లోకి దిగాడు. పైకి రాలేదు. అతన్ని తీసుకురావడానికి రెండో అతను దిగాడు. అతనూ రాలేదు. ఒకరి శవాన్ని బయటికి తీశారు. రెండో మనిషి కోసం రోజుల తరబడి వెతకాల్సి వచ్చింది. నగరం తన మురికిని ఎటు పంపిస్తుందో ఆ మనిషి కూడా అటే కొట్టుకుపోయాడు.

ఇలాంటి చావులు రాయడానికి మన పత్రికలకు ఒక మూస ఉంది: ఊపిరాడక మృతి. ఈ మాటలో కర్త లేడు. గాలి లేకపోవడం ఒక్కటే నేరస్తురాలు. ఇంకొంచెం జాలి ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోలేదు, తాడు కట్టుకోలేదు అని రాస్తారు. అప్పుడు తప్పు చచ్చినవాడి మీదికే పోతుంది. మేం అడిగే ప్రశ్న వేరు. రాత్రిపూట, గాలి పరీక్ష లేకుండా, మిషన్ లేకుండా ఒక మనిషిని ఆ గుంటలోకి దిగమన్నదెవరు? ఆ నిర్ణయం ఎక్కడ జరిగింది? భద్రత గురించి మాట్లాడాలంటే అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

గుంటలో ఏముంటుంది?

ఈ విషయం మన కార్యకర్తల్లో కూడా చాలామందికి సరిగ్గా తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుందాం. మురుగు కదలకుండా నిలిస్తే అందులోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును వాడేసుకుంటాయి. ఆ తర్వాత రకరకాల వాయువులు పుడతాయి. వాటిలో ముఖ్యమైనవి హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, కార్బన్ డయాక్సైడ్. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు దాదాపు 21 శాతం ఉంటుంది. అది 19.5 శాతం కన్నా తగ్గిన చోట మనిషి దిగకూడదు. పది శాతం లోపుకు పడితే నిమిషాల్లో స్పృహ పోతుంది. అప్పుడు నిచ్చెన కళ్ల ముందే ఉన్నా ఎక్కే శక్తి కాళ్లకు ఉండదు.

హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మోసకారి. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. పది లక్షల పాళ్ల గాలిలో ఇది 100 పాళ్లకు చేరితే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. దిగినవాడు వాసన పోయింది, ఇక భయం లేదు అనుకుంటాడు. నిజానికి ప్రమాదం పెరిగింది. 1000 పాళ్లకు చేరితే ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి కుప్పకూలుతాడు. ఇది గాలి కంటే బరువైనది, అడుగున కూచుంటుంది. మూత తీసి అరగంట ఆగాం కదా, గ్యాస్ పోయింది అనుకోవడం అందుకే పొరపాటు. పైన పోయింది, కింద అలాగే ఉంది. పైగా అది పూడికలో చిక్కుకుని ఉంటుంది. పారతో కదిలించగానే ఒక్కసారి లేస్తుంది. దిగినప్పుడు బాగానే ఉన్న మనిషి పని మొదలుపెట్టాక పడిపోవడానికి కారణం ఇదే.

ముక్కుకు కట్టిన రుమాలు గానీ, ఆసుపత్రిలో వాడే గుడ్డ మాస్కు గానీ ఏ వాయువునూ ఆపవు. లేని ప్రాణవాయువును ఏ మాస్కూ సృష్టించదు. పైనుంచి గొట్టం ద్వారా గాలి అందించే పరికరమో, వీపు మీద మోసుకుపోయే గాలి సిలిండరో కావాలి. అగ్గిపుల్ల గీసి చూడటం ఇంకొక అలవాటు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ పుల్లే పేలుడవుతుంది. మందు తాగి దిగితే గ్యాస్ పట్టదనేది మరో అపోహ. ఆ కంపులో పనిచెయ్యడానికి మనిషి తాగుతాడు, అది వేరే సంగతి. మందు మాత్రం గ్యాస్‌ను ఆపదు, ప్రమాదాన్ని పసిగట్టే తెలివిని తగ్గిస్తుంది.

రెండో చావు

సాహెబ్‌నగర్‌లో చనిపోయిన రెండో మనిషి గురించి ఆగి ఆలోచించాలి. అతను పూడిక తీయడానికి దిగలేదు, తోటి మనిషి కోసం దిగాడు. ఇది ఒక్కచోట జరిగింది కాదు. 2016 ఆగస్టులో మాదాపూర్‌లో ఒకే మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. వాళ్లలో కాపాడబోయినవాళ్లూ ఉన్నారు. 2015 నవంబరు 26న కేరళలోని కోజికోడ్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్టచేత పట్టుకుని పోయిన ఇద్దరు కూలీలు డ్రైనేజీ గుంటలో పడిపోయారు. నౌషాద్ అనే స్థానిక ఆటో డ్రైవర్ వాళ్లెవరో, వాళ్ల కులమేదో, భాషేదో అడగకుండా దూకాడు. ముగ్గురూ చనిపోయారు.

ఇరుకు గుంటల్లో జరిగే చావుల్లో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవాళ్లవేనని అమెరికాలో వృత్తి భద్రతను అధ్యయనం చేసే ప్రభుత్వ సంస్థ 1986లోనే చెప్పింది. అంటే ఇది ఎవరో ఆవేశపరుడి తొందరపాటు కాదు. కింద పడ్డవాడు అన్నో తమ్ముడో, ఊరివాడో అయినప్పుడు పైన ఉన్నవాడు దిగుతాడు. దిగకుండా ఉండలేడు. కాబట్టి దిగొద్దని నోటితో చెప్పడం భద్రత కాదు. ఎవరూ దిగకుండానే పడ్డవాణ్ని పైకి లాగే ఏర్పాటు పని మొదలుకాక ముందే ఉండాలి. అందుకు మూడు కాళ్ల స్టాండు, దానికి చేతితో తిప్పే గిలక, కిందికి దిగినవాడి ఛాతీకీ భుజాలకూ తొడలకూ కట్టిన బెల్టులు, ఆ బెల్టుకు ఎప్పుడూ తగిలించి ఉండే తాడు కావాలి. నడుముకు కట్టిన తాడు చాలదు. స్పృహ తప్పినవాణ్ని నడుము పట్టి లాగితే ఒళ్లు రెండుగా మడతపడి మ్యాన్‌హోల్ నోట్లో ఇరుక్కుంటుంది. ఈ సామాను రాకెట్టు విద్యేమీ కాదు. కొనాలనిపించలేదు, అంతే.

చట్టం ఏమంటున్నది?

1993లో పార్లమెంటు పాకీ పనిని నిషేధిస్తూ ఒక చట్టం చేసింది. అది అమలులోకి రావడానికే 1997 దాకా పట్టింది. ఆ చట్టం చూపు పొడి మరుగుదొడ్ల మీదనే ఉండిపోయింది, మ్యాన్‌హోల్‌ను పట్టించుకోలేదు. కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, దళితుల పక్షాన నిలిచిన ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్.శంకరన్ వంటివారు నిర్మించిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ పోరాటం వెనుక ఉండగానే 2013లో కొత్త చట్టం వచ్చింది. అది ఆ ఏడాది డిసెంబరు 6న, అంటే అంబేద్కర్ వర్ధంతి నాడు అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలో 7వ సెక్షను మనకు ముఖ్యం. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రమాదకరమైన శుభ్రం పని ఏ వ్యక్తీ, ఏ స్థానిక సంస్థా, ఏ ఏజెన్సీ కూడా నేరుగా గానీ పరోక్షంగా గానీ చేయించకూడదు. పరోక్షంగా అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. మనిషిని దింపింది మేం కాదు, కాంట్రాక్టరు అని చెప్పి తప్పుకోవడానికి వీల్లేకుండా పెట్టిన మాట అది. మొదటి నేరానికి 2 ఏళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే 5 ఏళ్లు, 5 లక్షల దాకా. ఇది బెయిలు దొరకని నేరం. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు.

అయితే ఈ చట్టంలో ఒక కంత ఉంది. ప్రమాదకరమైన శుభ్రం అంటే రక్షణ సామగ్రి ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా చేయించేదని నిర్వచించారు. అంటే మనిషి దిగరాదు అనలేదు, ఉత్త చేతులతో దిగరాదు అన్నారు. ఈ తేడాలోంచే చేతి గ్లౌజులు చూపించి బయటపడే దారి దొరికింది. 2013 డిసెంబరులోనే వచ్చిన నిబంధనలు ఈ కంతను కొంత పూడ్చాయి. వాటి ప్రకారం మిషన్ పోలేని కొన్ని సందర్భాల్లో తప్ప మనిషిని దించకూడదు. దించాల్సి వస్తే ఆ స్థానిక సంస్థ ముఖ్య అధికారి కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. 44 రకాల రక్షణ సామగ్రి జాబితా ఉంది. ఒక విడతలో 90 నిమిషాలకు మించి పనిచేయించరాదు, మధ్యలో 30 నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. కనీసం ముగ్గురు ఉండాలి, వాళ్లలో ఒకరు సూపర్‌వైజరు. కనీసం 10 లక్షల బీమాకు యజమానే ప్రీమియం కట్టాలి.

ఈ జాబితాలో అన్నిటికన్నా విలువైనది గ్లౌజులు కాదు, ఆ అనుమతి కాగితం. సంతకం పెట్టాల్సి వస్తే అధికారి ఆలోచిస్తాడు. మిషన్ ఎందుకు రాలేదని అడుగుతాడు. కాగితం లేనప్పుడు నిర్ణయం మేస్త్రీ నోటి మాటగా మారుతుంది. "ఏం గాదు, జర దిగు" అన్న ఆ మాటకు సంతకం ఉండదు, సాక్ష్యం ఉండదు. కాబట్టి ఎక్కడ మూత తెరిచి మనిషిని దించుతున్నారో అక్కడ మనం అడగాల్సిన మొదటి మాట: అనుమతి కాగితం ఏది?

కాంట్రాక్టు నిచ్చెన

దిల్‌సుఖ్‌నగర్ అంటుకుని ఉన్న గడ్డిఅన్నారం, ఎల్.బి.నగర్ 2007 దాకా వేరువేరు మున్సిపాలిటీలు. ఆ ఏడాది ఏప్రిల్‌లో అవి జీహెచ్ఎంసీలో కలిశాయి. నగర మధ్యభాగంలో డ్రైనేజీని వాటర్ బోర్డు చూసుకుంటుంటే, ఇలా కలిసిన శివారుల్లో ఆ పని చాలాకాలం జీహెచ్ఎంసీ చేతుల్లోనే ఉంది. సాహెబ్‌నగర్ చావుల నాటి పరిస్థితి ఇదే. 2021లోనే ఆ తర్వాత ఈ పనిని వాటర్ బోర్డుకు అప్పజెప్పారు. ఒక ఊరిలో రెండు పద్ధతులు నడిచాయి. మిషన్లు ఒక దగ్గర, మనుషులు ఒక దగ్గర.

మిషన్లు లేక కాదు. 2017 జూన్‌లో వాటర్ బోర్డు ఇరుకు సందుల్లోకి కూడా పోగలిగే 70 చిన్న జెట్టింగ్ మిషన్లను రోడ్ల మీదికి తెచ్చింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కి తోడ్పాటుతో ఆ బండ్లకు దళిత యువకులనే యజమానులను చేసింది. 2019లో ఢిల్లీ ఇదే నమూనాను తీసుకుంది. నిన్న గుంటలోకి దిగిన కులం ఇవాళ స్టీరింగు పట్టింది. ఇది చిన్న విషయం కాదు. అయితే అదే నగరంలో నాలుగేళ్ల తర్వాత సాహెబ్‌నగర్‌లో ఇద్దరు చేతులతో పూడిక తీస్తూ చనిపోయారు. మిషన్ ఉండటం వేరు, మిషన్ వచ్చేదాకా పని ఆపే అధికారం ఉండటం వేరు.

ఆ అధికారం ఎవరికి ఉంది? పైన ఒక సంస్థ. దాని కింద కాంట్రాక్టరు. కొన్నిచోట్ల అతని కింద మరో కాంట్రాక్టరు. అతని కింద మేస్త్రీ. చివరన రోజు కూలీ. ఈ నిచ్చెన దిగేకొద్దీ డబ్బు తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది. పని తొందరగా ముగిస్తేనే బిల్లు. మిషన్ కోసం ఆగితే నష్టం. ఈ లెక్కలో అన్నిటికన్నా చవకైనది మనిషి. అందరు మనుషులూ కూడా కాదు. 2024లో కేంద్ర ప్రభుత్వం నమస్తే పథకం కింద వివరాలు సేకరించిన 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం షెడ్యూల్డ్ కులాలవారు. ఎస్టీలు, బీసీలు కలిపితే 92 శాతం దాకా పోతుంది. 2019 నుంచి 2023 దాకా దేశంలో ఈ పనిలో 377 మంది చనిపోయారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది.

ఇక్కడే భద్రత కులం సమస్య అవుతుంది. విమానం రిపేరు చేసేవాడి భద్రత గురించి ఎవరూ ఉపన్యాసం అడగరు, అది పనిలో భాగం. సినిమా హాలు కడుతూ ఇంజనీరు పడితే విచారణ కమిటీ వస్తుంది. మాదిగ, మాల, రెల్లి, మెహతర్ మనిషి గుంటలో పడితే అది వాడి పనిలో ఉన్నదే అంటారు. కంపును భరించడం ఆ కులాలకు పుట్టుకతో వచ్చిన నేర్పు అన్నట్టు చూస్తారు. ఆ చూపు ఉన్నంతకాలం గ్యాస్ మీటరు కొన్నా బీరువాలోనే ఉంటుంది.

దింపక తప్పదంటే

మా మాట స్పష్టం. మనిషి దిగకూడదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ పనిని దశలవారీగా పూర్తిగా తొలగించాలన్నది. 2025 జనవరి 29న హైదరాబాద్‌తో సహా 6 మహానగరాల్లో మనుషులతో మురుగు కాలువలు శుభ్రం చేయించడాన్ని ఆపాలని ఆదేశించింది. అయినా పాత గోడ కూలి లైను మూసుకుపోవడం వంటివి జరుగుతాయి. అప్పుడు పని ఏ వరసలో జరగాలో కార్మికులకూ, పక్కన నిలబడే మనకూ తెలిసి ఉండాలి.

మొదట, అనుమతి కాగితం చేతిలోకి రావాలి. రెండు, పగటిపూటే పని పెట్టుకోవాలి. మూడు, పైనా కిందా ఉన్న పక్క మ్యాన్‌హోళ్ల మూతలు కూడా తీసి, ఫ్యాన్‌తో గాలి కొట్టాలి. పైనుంచి వచ్చే మురుగును వీలైనంతవరకు మళ్లించాలి. నాలుగు, మీటరును తాడుకు కట్టి దించి పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా గాలిని పరీక్షించాలి. పని నడుస్తున్నంతసేపూ మీటరు దిగినవాడి ఒంటి మీదే ఉండాలి, ఎందుకంటే పూడిక కదిలితే గాలి మారుతుంది. అయిదు, మూడు కాళ్ల స్టాండు, బెల్టు, గిలక, గాలి గొట్టం బిగించాకే దిగాలి. ఆరు, పైన ఉన్న మనిషికి కిందివాణ్ని కనిపెట్టుకుని ఉండటం తప్ప వేరే పని చెప్పకూడదు. బకెట్ లాగమని, చాయ్ తెమ్మని పంపకూడదు. ఏడు, మీటరు మోగినా, పిలిస్తే జవాబు రాకపోయినా వెంటనే గిలక తిప్పాలి. ఎవరూ దిగకూడదు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా వద్దని చెప్పే హక్కు కార్మికునికి ఉండాలి, ఆ రోజు కూలి పోకూడదు. కూలి పోయే చోట వద్దనే హక్కు కాగితం మీది అక్షరమే.

2022, 2023లలో జరిగిన మరణాల్లో 54 మరణాలను ప్రభుత్వమే సామాజిక తనిఖీ చేయించింది. 90 శాతానికి పైగా చావుల్లో కార్మికుడి ఒంటి మీద ఏ రక్షణ సామగ్రీ లేదని తేలింది. కాబట్టి పై వరస పెద్ద కోరికల జాబితా కాదు, మనిషిని మనిషిగా చూస్తే చేయాల్సిన కనీస పని.

ప్రమాదం జరిగితే

అగ్నిమాపక కేంద్రానికి 101, అంబులెన్సుకు 108. వాళ్లు వచ్చేలోగా గుంట చుట్టూ జనాన్ని ఆపండి, ఇంకొకరు దూకకుండా చూడండి. పక్క మూతలు తెరిపించండి. గుంట ఫొటోలు, అక్కడున్న సామాను, లేని సామాను, కాంట్రాక్టరు బండి నంబరు రాసి పెట్టుకోండి. ఆ తర్వాత పోలీసు స్టేషను. అక్కడ మామూలుగా నిర్లక్ష్యంతో మరణం అనే సెక్షనుతో సరిపెడతారు. ఒకప్పుడు ఐ.పి.సి. 304-ఎ, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 106. అది చాలదు. 2013 చట్టం 7, 9 సెక్షన్లు చేర్చాలని పట్టుబట్టాలి. నిందితుల జాబితా కాంట్రాక్టరు దగ్గర ఆగకూడదు, పని అప్పజెప్పిన అధికారి దాకా పోవాలి.

పరిహారం సంగతి. 1993 తర్వాత మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పింది. 2023 తీర్పు దాన్ని 30 లక్షలు చేసింది. శాశ్వత వైకల్యం వస్తే 20 లక్షలకు తగ్గకూడదు. ఇది ప్రభుత్వ దయ కాదు, హక్కు. కాంట్రాక్టరు ఇంటికొచ్చి చేతిలో పెట్టే రెండు లక్షలకో మూడు లక్షలకో కేసు వదులుకోమంటే వదులుకోవద్దని కుటుంబానికి చెప్పాల్సింది మనమే. జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన నిఘా కమిటీ ఉండాలని ఈ చట్టమే చెబుతున్నది. అది ఉందా, ఎప్పుడు కూచున్నదని సమాచార హక్కు కింద అడగండి.

పైన హాస్టలు, కింద మనిషి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ దాకా నడిచి చూడండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు. ఒకప్పుడు ఇండ్ల కోసం వేసిన లైన్ల మీద ఇప్పుడు అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. మెస్సు నూనె, అన్నం మెతుకులు, ప్లాస్టిక్ కవర్లు, వాడి పారేసిన గుడ్డలు, వానొస్తే రోడ్డు మీది మట్టి అన్నీ ఆ లైన్లోకే పోతాయి. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగిన సంగతి ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. లైను పూడటం దైవికం కాదు. పూడ్చేవాళ్లున్నారు. హోటళ్లు, హాస్టళ్లు తమ గేటు లోపలే సిల్ట్ చాంబర్ కట్టి పూడికను అక్కడే ఆపితే మ్యాన్‌హోల్‌లో సగం పని ఉండదు. గుంటలో భద్రత గుంటకు చాలా ముందు, మెస్సు వంటింట్లో మొదలవుతుంది.

ఆ హాస్టళ్లలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి రాజ్యాంగం పుస్తకంలో 17వ అధికరణం, అంటరానితనం రద్దు అని బట్టీపడుతున్నారు. కిటికీ కింద రోడ్డు మీద మూత తీస్తున్న చప్పుడవుతుంది. ఆ మూత తీసేవాళ్లూ అదే జిల్లాల నుంచి, ఒక్కోసారి అదే వాడల నుంచి వచ్చినవాళ్లు. ఆ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. పుస్తకం మూసి కిందికి రండి. అనుమతి కాగితం ఉందా అని అడగండి. మిషన్ ఏదని అడగండి. వాటర్ బోర్డు 155313కు ఫోన్ చేయండి. అయిదు నిమిషాల పని. జవాబు వచ్చేదాకా ఆ మూత దగ్గరే నిలబడండి. ఆ రోజు పరీక్షలో 17వ అధికరణానికి జవాబు రాసినట్టే.